పొరుగువాడి మాట నమ్మే యంత్రం

నెట్‌వర్క్‌లో బయల్దేరే ప్యాకెట్ మీద చేరాల్సిన చిరునామా ఉంటుంది గాని, వెళ్లాల్సిన దారి ఉండదు. మధ్యలో తగిలే ప్రతి యంత్రమూ ఆ చిరునామా చూసి, తన దగ్గరున్న పట్టికలో వెతికి, ప్యాకెట్‌ను ఏదో ఒక పక్కకి పంపించేస్తుంది. ఆ పట్టికే రౌటింగ్ టేబుల్. నాలుగు యంత్రాలున్న చోట దాన్ని మనిషి కూర్చుని చేత్తో రాసేయొచ్చు. నలభై ఉన్నచోట, ఏ అర్ధరాత్రో జేసీబీ తవ్వకంలో ఫైబర్ తెగితే, ప్రతి యంత్రంలోకీ లాగిన్ అయి పట్టికలు దిద్దేదాకా పని ఆగదు కదా! అందుకే యంత్రాలే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఎవరి పట్టిక వాళ్లు రాసుకుంటాయి. ఇదే డైనమిక్ రౌటింగ్. ఇవాళ ఆఫీసు ర్యాకులో ఉండే స్విచ్‌లో ఐదారు కమాండ్లతో ఇది మొదలైపోతుంది. ఆ కమాండ్ల వెనక యాభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అదంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: పక్కవాడు చెప్పిన మాటను ఎంతవరకు నమ్మాలి?

ఈ ప్రశ్నకు ఆర్పానెట్ దగ్గర జవాబు చెప్పాల్సి వచ్చింది. అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థ, విశ్వవిద్యాలయాల్లోని కంప్యూటర్లను కలపమని మసాచుసెట్స్‌లోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ కంపెనీకి పని అప్పగించింది. వాళ్లు హనీవెల్ 516 మినీ కంప్యూటర్‌ను తీసుకుని ఐఎంపీ అనే యంత్రంగా మలిచారు. బీరువా అంత పెట్టె, బరువు 400 కిలోలకు పైనే. మొదటిది 1969లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దిగింది. ఏడాది ముగిసేసరికి అలాంటివి నాలుగయ్యాయి. వాటి మధ్య లైన్ల వేగం సెకనుకు 50 కిలోబిట్లు. ఈ ఐఎంపీలే నేటి రౌటర్లకు తాతలు.

దారి ఎంచుకునే ప్రోగ్రాం రాసినవాడు విల్ క్రౌథర్. కొండ గుహల్లో తిరగడం ఆయన సరదా. కంప్యూటర్ ఆటల చరిత్రలో పేరున్న ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ కూడా ఆయన రాసిందే. క్రౌథర్ పద్ధతి చాలా తేలిక. ప్రతి ఐఎంపీ తన పట్టికను సుమారు సెకనులో మూడింట రెండు వంతులకోసారి పక్కవాళ్లకు పంపుతుంది: ‘ఫలానా చోటికి నా దగ్గర్నుంచి ఇంత ఆలస్యం.’ విన్నవాడు దానికి తనకూ పక్కవాడికీ మధ్యనున్న ఆలస్యం కలుపుకుని, ఎవరి ద్వారా వెళితే తక్కువో చూసి, ఆ దారి రాసుకుంటాడు. 1950లలో రిచర్డ్ బెల్‌మన్, లెస్టర్ ఫోర్డ్ వేర్వేరుగా చూపించిన గణితమే దీనికి ఆధారం. తర్వాత దీనికి డిస్టెన్స్ వెక్టర్ అన్న పేరు స్థిరపడింది.

లోపం ఎక్కడుందంటే, ఇందులో ఎవరూ నెట్‌వర్క్‌ను కళ్లారా చూడరు. అన్నీ చెప్పుడు మాటలే. క, ఖ, గ అని మూడు యంత్రాలు వరసగా ఉన్నాయనుకుందాం. ఖ-గ మధ్య లైను తెగింది. ఖ ఆ సంగతి చెప్పేలోపే క నుంచి పాత కబురు వస్తుంది: ‘గ నాకు రెండు అంగల దూరం.’ ఆ రెండు అంగల దారి తన మీదుగానే వెళ్తోందని ఖకు తెలీదు. ‘అయితే నాకు మూడు’ అని రాసుకుంటుంది. అది విని క నాలుగంటుంది. మళ్లీ ఖ ఐదంటుంది. లెక్క అలా పెరుగుతూనే ఉంటుంది. గ కోసం వచ్చిన ప్యాకెట్లు ఈ రెండింటి మధ్యా అటూ ఇటూ కొట్టుకుంటాయి. శుభవార్త చకచకా పాకి, చెడువార్త నత్తనడక నడవడం ఈ పద్ధతికి పుట్టుకతోనే ఉన్న జబ్బు.

చెప్పేవాడికే మతి తప్పితే? 1970ల మొదట్లో హార్వర్డ్‌లోని ఐఎంపీ మెమరీ చెడిపోయి, పట్టికలో దూరాలన్నీ సున్నాలయ్యాయి. ఏ ఊరికైనా తన దగ్గర్నుంచి దూరమే లేదని అది పొరుగు యంత్రాలకు చాటింది. అంతకంటే దగ్గరి దారి ఎవరికుంటుంది? నెట్‌వర్క్‌లోని ట్రాఫిక్ నలుమూలల నుంచీ హార్వర్డ్ వైపు మళ్లి, అక్కడే మాయమైంది.

ఇక లాభం లేదని 1979లో ఆర్పానెట్ పద్ధతినే మార్చేశారు. జాన్ మెక్‌క్విలన్, ఐరా రిచర్, ఎరిక్ రోసెన్ చేసిన కొత్త ఏర్పాటులో ఎవరూ పక్కవాడి పట్టికను వల్లించరు. ప్రతి ఐఎంపీ తాను స్వయంగా ఎరిగిందే చెబుతుంది: ‘నాకు ఫలానా పొరుగువాళ్లున్నారు, వాళ్లతో నా లైన్ల పరిస్థితి ఇదీ.’ ఈ వాంగ్మూలం మార్పుల్లేకుండా నెట్‌వర్క్ అంతటా వెళుతుంది. అందరి వాంగ్మూలాలూ చేతికొచ్చాక ప్రతి యంత్రం దగ్గరా మొత్తం నెట్‌వర్క్ పటం ఒకటి తయారవుతుంది. దాని మీద దగ్గరి దారులు ఎవరికి వారే లెక్క కట్టుకుంటారు. ఈ లింక్ స్టేట్ పద్ధతికి కావాల్సిన లెక్క అప్పటికే సిద్ధంగా ఉంది. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తనకు కాబోయే భార్యతో బజారుకెళ్లి, అలసి ఒక కాఫీ హోటల్ అరుగు మీద కూర్చున్నప్పుడు, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో కనిపెట్టిన సూత్రమది. ఆర్మాక్ అనే కంప్యూటర్ సత్తా చూపించడానికి నెదర్లాండ్స్‌లోని 64 ఊళ్ల మధ్య దగ్గరి దారులు వెతికే లెక్క ఆయనకు కావాల్సి వచ్చింది. 1959లో దాన్ని మూడే పేజీల వ్యాసంగా అచ్చేశారు.

చెప్పుడు మాటల బెడద తీరింది. కానీ సాక్షి మాట దారిలో చెడిపోతే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. 1980 అక్టోబరు 27న అదే జరిగింది. ఆర్పానెట్ గంటల తరబడి స్తంభించిపోయింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారైనా తీరిగ్గా చదవాల్సిన ప్రమాదమని నా అభిప్రాయం. అందుకే కొంచెం ఆగి చూద్దాం.

ప్రతి వాంగ్మూలానికీ ఒక వరస సంఖ్య ఉండేది. ఒకే యంత్రం నుంచి రెండు వచ్చినప్పుడు ఏది తాజాదో తేల్చడానికి అదే ఆధారం. దానికి కేటాయించింది ఆరు బిట్లు. అంటే 0 నుంచి 63 దాకా వెళ్లి మళ్లీ సున్నాకు రావాలి. 63 తర్వాత వచ్చిన 0 పాతది కాదు, కొత్తది. కాబట్టి ఒక నియమం పెట్టారు: రెండు సంఖ్యల తేడా 32కు మించకపోతే పెద్దది తాజాది, మించితే చిన్నది తాజాది. వినడానికి సబబుగానే ఉంది.

ఆ రోజు 50వ నంబరు ఐఎంపీ పేరుతో ఒక వాంగ్మూలం 44 సంఖ్యతో బయల్దేరింది. బైనరీలో అది 101100. చెడిపోయిన మెమరీలో ఒక బిట్ రాలి 101000 అయింది, అంటే 40. మరో బిట్ రాలి 001000 అయింది, అంటే 8. ఇప్పుడు నెట్‌వర్క్‌లో ఒకే యంత్రం పేరుతో 44, 40, 8 అనే మూడు వాంగ్మూలాలున్నాయి. నియమం పెట్టి చూడండి. 44కూ 40కీ తేడా 4, కాబట్టి 44 తాజాది. 40కీ 8కీ తేడా సరిగ్గా 32, కాబట్టి 40 తాజాది. మరి 8కీ 44కూ? తేడా 36, అంటే 32 దాటింది, కాబట్టి 8 తాజాది! 44 కంటే 8 కొత్తది, 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది. ఏది వచ్చినా, చేతిలో ఉన్నదాని కంటే కొత్తదే అవుతుంది. కొత్తది వస్తే అందరికీ పంచాలన్నది విధి. పంచారు. పంచుతూనే ఉన్నారు. ఐఎంపీల మెమరీ అంతా ఈ మూడింటి నకళ్లతో నిండిపోయి, వేరే పనికి చోటు లేకుండా పోయింది.

ఇంజినీర్లు యంత్రాల మెమరీని బయటికి తీసి చూస్తే, క్యూలో 8, 40, 44, మళ్లీ 8, 40, 44 అని వరసలు కనిపించాయి. ఒక యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టినా పక్కవాడి నుంచి అవే వచ్చి పడతాయి. చివరికి 50వ యంత్రం పేరుతో ఏది వచ్చినా పట్టించుకోవద్దని ఐఎంపీలన్నిటి ప్రోగ్రాంనూ సవరిస్తే గాని నెట్‌వర్క్ తేరుకోలేదు. ఆ రోజు అల్లరంతా చేసినవి ఒక్క నియమం కూడా తప్పని, మంచి ఆరోగ్యంతో ఉన్న యంత్రాలు. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది ఇదే. లైను మీద వెళ్లేటప్పుడు ప్యాకెట్‌కు తప్పులు పట్టే చెక్‌సమ్ అనే లెక్క కాపలా ఉంది. మెమరీలో కూర్చున్నప్పుడు లేదు. దెబ్బ అక్కడ తగిలింది. ఎరిక్ రోసెన్ ఈ ఉదంతాన్ని దాపరికం లేకుండా రాసిపెట్టారు. 1981లో ఆర్ఎఫ్‌సీ 789గా వెలువడిన ఆ పత్రం ఇప్పటికీ అందరికీ అందుబాటులో ఉంది.

దీనికి సరైన మందు రాసినవారు రేడియా పర్ల్‌మన్. అప్పట్లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న ఆమె 1983లో ఒక వ్యాసం ప్రచురించారు. వరస సంఖ్య గుండ్రంగా తిరగకూడదు. ఎప్పటికీ అయిపోనంత పొడవుగా, ఒకే దిక్కున పెరుగుతూ పోవాలి. ప్రతి వాంగ్మూలానికీ వయసు ఉండాలి. గడువు దాటితే దానంతటదే చచ్చిపోవాలి. ఎక్కడో ఏదో చెడినా, చెడిన యంత్రాన్ని తీసేశాక నెట్‌వర్క్ మనిషి సాయం లేకుండా తనంతట తాను కోలుకోవాలన్నది ఆమె పట్టుదల.

ఇంతలో పాత చెప్పుడు మాటల పద్ధతి ఎక్కడికీ పోలేదు. జిరాక్స్ ప్రయోగశాలల్లో ఎదిగి, 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు ఊరూరా చేరింది. 1988లో దాన్ని రిప్ పేరుతో ప్రామాణికంగా రాశారు. అంతులేని లెక్కకు వాళ్లు కట్టిన అడ్డుకట్ట మొరటైనదే గాని పనిచేస్తుంది: పదిహేను అంగలు దాటితే, పదహారు అనగానే అది అనంతం, దారి లేనట్టే. ముప్పై సెకన్లకోసారి పట్టిక మొత్తం పంపాలి. చిన్న నెట్‌వర్క్‌కు రిప్ చాలు, పెద్దదానికి చాలదు. ఆ కొరత తీర్చడానికి ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో ప్రోటియాన్ కంపెనీకి చెందిన జాన్ మోయ్ నడిపించిన పనిలోంచి 1989లో లింక్ స్టేట్ పద్ధతిలో నడిచే ఓఎస్‌పీఎఫ్ పుట్టింది. నేటికీ కాలేజీ క్యాంపస్‌ల నుంచి బ్యాంకుల దాకా స్విచ్‌ల మీద ఎక్కువగా కాన్ఫిగర్ చేసే రౌటింగ్ ప్రోటోకాళ్లలో ఇదొకటి.

అమీర్‌పేటలో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు చదివినవాళ్లు ఓఎస్‌పీఎఫ్ అంకెలు గుక్కతిప్పకుండా చెబుతారు. ఆ అంకెల వెనక 1980 నాటి ఆ రోజు ఉందని కూడా మన క్లాసుల్లో చెబితే ఎంత బాగుంటుందో! వరస సంఖ్య 32 బిట్లు, అదీ గుండ్రంగా తిరగదు. ప్రతి వాంగ్మూలాన్నీ పుట్టించినవాడు 1800 సెకన్లకోసారి కొత్తగా చెప్పాలి. చెప్పకపోతే 3600 సెకన్లకు అది చెల్లదు. ఒకటే వాంగ్మూలం మరీ గబగబా మారి రాకుండా సెకన్లలో కనీస వ్యవధులున్నాయి. అన్నిటికంటే నాకిష్టమైన నియమం ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది: మెమరీలో దాచిన వాంగ్మూలం వయసు ఐదేసి నిమిషాలు పెరిగినప్పుడల్లా దాని చెక్‌సమ్‌ను మళ్లీ సరిచూడాలి. లైను మీద కాదు, మెమరీలోనే. తేడా వస్తే యంత్రంలోనే ఏదో పెద్ద లోపముందని అర్థం.

ఇక స్విచ్ సంగతి. ఈథర్‌నెట్ స్విచ్‌ను మొదట అమ్మకానికి తెచ్చింది సిలికాన్ వ్యాలీలోని కల్పన అనే కంపెనీ. వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ దానికి తన భార్య పేరు పెట్టారు. 1990 ప్రాంతంలో వచ్చిన ఆ తొలి స్విచ్‌కు ఏడు పోర్టులు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. అప్పటి స్విచ్‌కు ఐపీ చిరునామాతో పనిలేదు. పక్కనున్న పరికరాల హార్డ్‌వేర్ చిరునామాలే చూసేది. దారి వెతకడం రౌటర్ పని, అది సాఫ్ట్‌వేర్‌తో మెల్లగా సాగేది. 1990ల రెండో సగంలో ఆ వెతుకులాటను చిప్‌లోకే దింపారు. అలా పుట్టింది లేయర్-3 స్విచ్. ఇందులో పని రెండుగా విడిపోయింది. పొరుగువాళ్లతో మాట్లాడి, పటం గీసి, డైక్‌స్ట్రా లెక్క వేసేది ప్రాసెసర్. తేలిన జవాబులను చిప్‌లోని పట్టికలో నింపితే, ఆపైన వచ్చే ప్యాకెట్లు ప్రాసెసర్ గడప తొక్కకుండానే అటు నుంచి అటే వెళ్లిపోతాయి.

స్విచ్‌లకు రౌటింగ్ ఎందుకు నేర్పారన్నదానికి మరో కారణమూ ఉంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే ప్యాకెట్లు వలయంలో తిరగకుండా స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఒకదాన్ని మూసి ఉంచుతుంది. 1985లో దాన్ని రూపొందించింది కూడా రేడియా పర్ల్‌మనే. ప్రమాదం తప్పుతుంది గాని, డబ్బు పోసి వేసిన కేబుల్ ఖాళీగా పడి ఉంటుంది. అదే ఆ రెండు లైన్లనూ రౌటింగ్‌కు అప్పజెబితే, సమాన ఖర్చున్న దారులుగా రెండూ పనిచేస్తాయి. ఒకటి తెగితే రెండోది మోస్తుంది.

ఒక క్యాంపస్ స్విచ్ ముందు కూర్చుని చూద్దాం. చాలా మోడళ్లలో రౌటింగ్ మొదట ఆపేసి ఉంటుంది. ‘ఐపీ రౌటింగ్’ అన్న కమాండ్‌తో లేపాలి. ‘రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1’ అని మొదలుపెట్టి, మార్పులేని ఒక రౌటర్ ఐడీ ఇచ్చి, ఏయే సబ్‌నెట్‌లు ఏరియా 0లో ఉండాలో చెబితే స్విచ్ పది సెకన్లకోసారి హలో పంపడం మొదలుపెడుతుంది. నలభై సెకన్లపాటు అవతలి హలో వినబడకపోతే ఆ పొరుగువాడు పోయినట్టే లెక్క. ఇటు పది, అటు ఐదు అని ఉంటే ఇద్దరూ ఎన్నటికీ పొరుగువాళ్లు కాలేరు.

‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్’ కొట్టి తెర మీద చూస్తుంటే ఈ పరిచయం ఎలా ముదురుతుందో కనిపిస్తుంది. ఇనిట్ అంటే అవతలి హలో నాకు వినిపిస్తోంది గాని, అందులో నా పేరు లేదు. టూ-వే అంటే అతని హలోలో నా ఐడీ కనబడింది. అతను కూడా నన్ను విన్నాడన్నమాట. ఈ ఒక్క చిన్న తనిఖీతో, ఒకవైపే పనిచేస్తున్న ఫైబర్ దొరికిపోతుంది. తర్వాత ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్, లోడింగ్ దాటి ఫుల్‌కు చేరితే ఇద్దరి దగ్గరా ఒకటే పటం ఉన్నట్టు. ఎక్స్‌స్టార్ట్ దగ్గరే గంటల తరబడి వేలాడుతోందా? ముందుగా రెండు వైపులా ఎంటీయూ చూడండి. ఒకడు 1500 బైట్ల దాకానే తీసుకుంటానంటాడు, ఇంకొకడు 9000 అంటాడు. హలోలు చిన్నవి కాబట్టి అవి సాఫీగానే వెళ్తాయి; పేచీ పటం మార్చుకునే వేళ బయటపడుతుంది.

ఇంకో గోతిలో చాలామంది పడతారు. దారి ఖర్చు లెక్కకు చాలా పరికరాల్లో కొలబద్ద సెకనుకు 100 మెగాబిట్లు. ఈ అంకెను లైను వేగంతో భాగిస్తే వచ్చేదే ఖర్చు, ఒకటికి తగ్గదు. ఓఎస్‌పీఎఫ్ పుట్టిన రోజుల్లో అంతకంటే వేగమైన లైను ఎవరికుంది? ఇవాళ ఆ లెక్కన 100 మెగాబిట్ల పాత తీగకూ, 1 గిగాబిట్‌కూ, 10 గిగాబిట్ల ఫైబర్‌కూ ఖర్చు ఒకటే. స్విచ్ పాత తీగ మీద ట్రాఫిక్ తోసేస్తే తప్పు దానిది కాదు. కొలబద్దను ప్రతి స్విచ్‌లోనూ ఒకేలా పెంచాలి. కొన్నిటిలో పెంచి కొన్నిటిని వదిలేస్తే దారులు మరింత గజిబిజి అవుతాయి.

విద్యార్థుల, ఉద్యోగుల కంప్యూటర్లుండే వీల్యాన్‌ల మీద హలో పంపకూడదు. అక్కడ ‘పాసివ్ ఇంటర్‌ఫేస్’ పెట్టాలి: సబ్‌నెట్ సంగతి లోకానికి చెబుతుంది, పొరుగువాళ్లను మాత్రం చేర్చుకోదు. లేకపోతే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా పొరుగువాడిగా చేరి లేని దారులు ఉన్నాయని చాటగలదు. స్విచ్‌ల మధ్య లైన్ల మీద కూడా పాస్‌వర్డ్‌తో సంతకం చేసే సదుపాయం ఓఎస్‌పీఎఫ్‌లో ఉంది. వాడేవాళ్లు తక్కువ, వాడాల్సినవాళ్లు ఎక్కువ.

ఇదంతా ఒకే యాజమాన్యం కింద ఉన్న నెట్‌వర్క్ మాట. కంపెనీకీ కంపెనీకీ, దేశానికీ దేశానికీ మధ్య నడిచేది బీజీపీ అనే రౌటింగ్ ప్రోటోకాల్. 1989 జనవరిలో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జరిగిన ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ సమావేశం మధ్య, భోజనాల బల్ల దగ్గర సిస్కోకు చెందిన కర్క్ లోహీడ్, ఐబీఎంకు చెందిన యాకోవ్ రెక్టర్ నేప్కిన్ల మీద దాని రూపురేఖలు గీసుకున్నారు. ప్రపంచం పటం మొత్తం ఎవరూ మోయలేరు, తన లోపలి పటం ఎవరూ బయటపెట్టరు. కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పుడు మాటలే శరణ్యం. కాకపోతే ఒక మెరుగు ఉంది: కబురుతో పాటు అది ఎవరెవరి నోట దాటి వచ్చిందో ఆ పేర్లన్నీ రాసి ఉంటాయి. అందులో తన పేరే కనిపిస్తే ఆ కబురును పక్కన పడేయొచ్చు. క, ఖ, గల అంతులేని లెక్క ఇలా ఆగింది.

అబద్ధం మాత్రం ఆగలేదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికామ్ తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి దాని చిరునామాల్లో కొంత భాగం తమదేనని లోపల ప్రకటించుకుంది. ఆ ప్రకటన బయటికి పొక్కింది. యూట్యూబ్ ప్రకటించింది 1024 చిరునామాల పెద్ద గుంపు, వీళ్లది అందులోని 256 చిరునామాల చిన్న గుంపు. రెండు దారులున్నప్పుడు చిరునామాను మరింత కచ్చితంగా చెప్పేదే గెలవాలన్నది రౌటింగ్ మూల సూత్రం. దాంతో ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ ట్రాఫిక్ రెండు గంటల పాటు పాకిస్తాన్ వైపు మళ్లింది.

ఈ చిరునామాలు ఫలానా నెట్‌వర్క్‌వేనని డిజిటల్ సంతకంతో నమోదు చేసే ఆర్‌పీకేఐ ఏర్పాటు ఆ తర్వాతి ఏళ్లలో వ్యాపించింది. కబురు అందుకున్న రౌటర్ ఆ నమోదును చూసి, సరిపోలని ప్రకటనను తోసిపుచ్చగలదు. అయితే ఆ సంతకం కబురు ఎక్కడ పుట్టిందన్నదానికే. మధ్యలో ఉన్న పేర్ల వరస నిజమో కాదో అది చెప్పదు. దానికోసం ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో ఆస్పా అనే మరో పద్ధతి మీద పని సాగింది. అందులో ప్రతి నెట్‌వర్కూ తనకు పైనున్న సర్వీసు ప్రొవైడర్లు ఎవరెవరో సంతకం చేసి ముందే చెప్పి ఉంచాలి. వచ్చిన పేర్ల వరసలో ఆ జాబితాకు పొసగని మలుపు ఉంటే, రౌటర్ ఆ దారిని తన పట్టికలోకి రానివ్వదు.